నీటి వెంటపడ్డ వకీలు

ముందు ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. మా మేజర్ ప్రాజెక్ట్ అబ్‌స్ట్రాక్ట్ మూడో లైనులో 42 వోల్టులు అని ఉంటుంది. అది అబద్ధం. కావాలని ఆడింది కాదు, కానీ అబద్ధమే. ఒక్క నీటిచుక్క పడితే 42 వోల్టులు వస్తున్నాయని నేనూ, నా ప్రాజెక్ట్ మేటూ రాసి, గైడ్ గారి సంతకం పెట్టించి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేశాం. ఇచ్చిన వారానికి ఒక సాయంత్రం సెలైన్ గొట్టం బిగించేసి, వైర్లు తియ్యడం మర్చిపోయి టీకి వెళ్ళొచ్చాం. వచ్చి చూస్తే ఆసిలోస్కోపు తెర మీద అదే 42. చుక్క లేదు, నీళ్ళు లేవు. టైమ్ బేస్ తగ్గించి లెక్కపెడితే సెకనుకి సరిగ్గా 50 సార్లు ఊగుతోంది. గోడలో ఉన్న కరెంటే మా వైర్లలోకి దూరి ఆడుతోందన్నమాట. మేము ఫోటోలు దిగి స్టేటస్ పెట్టుకున్నది ఆ కరెంటు పక్కన.

మా ప్రాజెక్ట్ పేరు ఘనంగా ఉంటుంది: లిక్విడ్-సాలిడ్ ట్రైబోఎలక్ట్రిక్ నానోజనరేటర్. అసలు పని మాత్రం చిన్నప్పుడు దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కలు లేపిన ఆటే. దువ్వెన బదులు టెఫ్లాన్ జాతి పల్చటి పొర, జుట్టు బదులు నీళ్ళు. పొరని ఏటవాలుగా పెట్టి, కింద అల్యూమినియం ఫాయిల్ అంటించి, పైన సన్నటి రాగి టేపు ముక్క ఒకటి పెట్టాం. చుక్క పడుతుంది, పరుచుకుంటుంది, జారిపోతుంది. పోతూ పోతూ పొర మీద కొంచెం నెగటివ్ చార్జి వదిలి, పాజిటివ్ చార్జి తనతో పట్టుకుపోతుంది. చుక్క మీద చుక్క పడేకొద్దీ పొర మీద చార్జి పేరుకుంటుంది. అప్పుడు పడిన చుక్క పరుచుకుంటూ రాగి టేపుని తాకగానే సర్క్యూట్ పూర్తయి కరెంటు ఒక్కసారి తన్నుతుంది. ట్రైబోఎలక్ట్రిక్ నానోజనరేటర్‌ని 2012లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం తయారుచేసింది. 2020లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ వాళ్ళు 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన ఒక్క చుక్కతో 140 వోల్టులు దాటించి వంద చిన్న ఎల్ఈడీలు వెలిగించారు. మాదీ ఆ జాతిదే, కాస్త పేదింటి పిల్ల.

50 హెర్ట్జ్ సంగతి బయటపడ్డ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ప్యానెల్‌లో ఎవరూ మా పొర మీద నీళ్ళు ఆపి చూడరు. మేట్ కూడా వదిలేయమనే అన్నాడు. ఆ ఆలోచనలోంచి తప్పించుకోడానికి లిటరేచర్ సర్వే ముందు వేసుకుని కూర్చున్నాను. మాది 2012తో మొదలవుతుంది. అంతకు ముందు ఎవరూ నీళ్ళనీ రాపిడినీ కలిపి చూడలేదా అని వెనక్కి వెళ్తే 1867లో నీటిచుక్కల మధ్య నిప్పురవ్వలు పుట్టించిన కెల్విన్ తగిలాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1840 దగ్గర ఒక లాయరు తగిలాడు. ఈ వ్యాసం ఆ లాయరు గారి గురించి.

పేరు విలియం జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రుడి మీద దిగినాయన కాదు, జాజ్ బాకా ఊదినాయనా కాదు. 1810 నవంబరు 26న ఇంగ్లండ్ ఉత్తరాన టైన్ నది ఒడ్డున న్యూకాజిల్‌లో పుట్టాడు. తండ్రి ధాన్యం వర్తకుడు, ఊళ్ళో పెద్దమనిషి, తర్వాత మేయరు కూడా అయ్యాడు. పిల్లాడికి ఊపిరితిత్తులు బలహీనం. చలికాలమంతా ఇంట్లోనే, పాత రాట్నాల చక్రాలూ, దారాలూ, బరువులూ పోగేసుకుని తిరిగే బొమ్మలు చేసుకునేవాడట. ఒంట్లో బాగుంటే రోత్‌బరీ అనే పల్లెకి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ కోకెట్ అనే ఏరు. గాలం పట్టుకుని ఆ ఏట్లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడటం అప్పటినుంచే అలవాటు.

ఇంజనీరింగ్ చదవాలని ఉన్నా తండ్రి లా చదివించాడు. (ఈ వాక్యం తిరగేసి చదివితే మా క్లాసులో సగం మంది కథ.) తండ్రి స్నేహితుడైన డాంకిన్ అనే లాయరు ఈ కుర్రాణ్ణి సొంత కొడుకులా చూసుకుని, తన ఆఫీసులో భాగస్వామిని చేసుకున్నాడు. మంచి ప్రాక్టీసు. 1835లో మార్గరెట్ రామ్‌షాతో పెళ్ళి. ఆమె తండ్రి బిల్డరు, ఇంజనీరు. పగలు దస్తావేజులు, సాయంత్రం లేతు మిషను. పదేళ్ళకి పైగా ఇలాగే గడిచింది.

ఆయన్ని మార్చింది కూడా గాలమే. 1835 ప్రాంతంలో పెన్నైన్ కొండల్లో డెంట్‌డేల్ అనే లోయలో చేపలు పడుతూ, పాలరాయి కోసే పనికి తిరుగుతున్న ఒక నీటిచక్రాన్ని చూశాడు. కొండ మీంచి నీళ్ళు ఎంతో ఎత్తు దిగివస్తున్నాయి, చక్రం దగ్గర వాడుకుంటున్నది ఆఖరి కాస్త ఎత్తే. మిగతాదంతా రాళ్ళ మీద నురగై పోతోంది. చేపలకోసం వచ్చినవాడు నీళ్ళు లెక్కపెట్టుకుంటూ ఇంటికెళ్ళాడు. తర్వాత పూర్తి ఎత్తుని వాడుకునేలా, పైపులో బిగించిన నీటి ఒత్తిడితో తిరిగే యంత్రం ఒకటి డిజైన్ చేసి 1838లో ఒక పత్రికలో అచ్చు వేయించాడు. ఎవరూ పట్టించుకోలేదు.

1840లో న్యూకాజిల్ దగ్గర ఒక బొగ్గుగని బాయిలరుకి చిన్న లీకు వచ్చింది. ఇంజను చూసుకునే పనివాడు ఒక చెయ్యి ఆ ఆవిరిలో ఉండగా రెండో చెయ్యి సేఫ్టీ వాల్వు మీద వేశాడు. చెయ్యి ఝల్లుమంది, నిప్పురవ్వ ఎగిరింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ కొట్టింది. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైనవాడు ఈయనే. మొదటిసారి షాక్ కొడితే ఎవరైనా చెయ్యి తీసేస్తారు. రెండోసారి పెట్టి చూసినవాడివల్లే మా ప్రాజెక్ట్ ఉంది. ఊళ్ళో వార్త పాకింది, వకీలు గారు పరిగెత్తుకొచ్చాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ ఒకసారి చూసి ఊరుకోలేదు. తానే చిన్న బాయిలరు చేయించి, నేలకి కరెంటు పోకుండా గాజు కాళ్ళ మీద నిలబెట్టాడు. ఆవిరి బయటికొచ్చే ముక్కుల్ని రకరకాల పదార్థాలతో చేసి చూశాడు. లోపల దారి వంకరగా ఉండి, కొయ్య తొడుగు ఉన్న ముక్కు బాగా పనిచేసింది. ఆవిరి సగం చల్లబడి అందులో చుక్కలు ఏర్పడేలా మధ్యలో తడి పెట్టె పెట్టాడు. ఎదురుగా సూదిమొనల వరస పెట్టి ఆవిరిలోని చార్జిని పట్టుకున్నాడు. ఆవిరి పాజిటివ్, బాయిలరు నెగటివ్. మా పొరలో నీళ్ళు పాజిటివ్, పొర నెగటివ్. ఇది చదివినప్పుడు రాత్రి రెండు గంటలకి హాస్టల్ రూములో లేచి నిలబడ్డాను.

అసలు చార్జి ఎక్కడ పుడుతోంది? నీరు ఆవిరయ్యేటప్పుడు పుడుతుందన్నది అప్పటికి బలంగా ఉన్న నమ్మకం. ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్రయోగాలన్నీ లండన్‌లో మైకేల్ ఫారడేకి ఉత్తరాలుగా రాసేవాడు. ఫారడే తన సొంత బాయిలరు పెట్టుకుని 1843లో సంగతి తేల్చాడు. పొడి ఆవిరి పంపితే ఏమీ రాదు. ఆవిరితో పాటు నీటిచుక్కలు కొట్టుకుపోతూ ముక్కు గోడని రాసుకుంటేనే వస్తుంది. అంటే ఆవిరి వట్టి తోసేవాడు, పని చేసేది చుక్కలు. నీళ్ళలో ఉప్పో ఆమ్లమో కొంచెం కలిపితే ప్రభావం మాయం. టర్పెంటైన్ నూనె తగిలిస్తే చార్జి గుర్తులే తారుమారు. ద్రవం ఘనపదార్థాన్ని రాసుకుంటే విద్యుత్తు పుడుతుందన్న మాటకి ఇంతకంటే గట్టి రుజువు ఏముంటుంది? ఇందులో నాకు ముల్లులా గుచ్చుకున్నది వేరే. ఫారడే చేసిన పనిలో సగం, ప్రభావం రాకూడని చోట రావడం లేదని చూడటమే. మేము ఆ సగమే చెయ్యలేదు.

ఆ యంత్రానికి హైడ్రో-ఎలక్ట్రిక్ మెషీన్ అని పేరు పెట్టారు. ఇప్పటి జలవిద్యుత్తుకీ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. లండన్‌లోని పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూషన్ కోసం పెద్దది ఒకటి కట్టారు. అడుగు దాటిన నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంటే జనం టికెట్టు కొనుక్కుని చూసేవారు. ఆ రోజుల్లో అంత బలమైన స్థిరవిద్యుత్ యంత్రం ఇంకోటి లేదు. ఈ పనికి 1846లో రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. అప్పటికీ ఆయన వృత్తి లాయరే.

ఇక్కడ ఆయన స్థానంలో నేనుంటే జీవితమంతా ఆ నిప్పురవ్వల మీదే బతికేసేవాణ్ణి. పేరుంది, జనం చప్పట్లున్నాయి. ఆయన మాత్రం దాన్ని అక్కడ ఆపేశాడు. ఎందుకో నేను ఊహించగలను. గంపెడు బొగ్గు తగలేస్తే వచ్చేది ఒక మెరుపు. వేడంతా ఆవిరై పోతుంది. డెంట్‌డేల్‌లో నురగై పోతున్న నీళ్ళని చూసి బాధపడ్డ మనిషికి ఆ లెక్క నచ్చి ఉండదు. నేనూ ఆ రాత్రే మా లెక్క వేశాను. ఒక చుక్క 0.1 గ్రాము, ఎత్తు 15 సెంటీమీటర్లు. దానిలో ఉన్న మొత్తం శక్తి 0.147 మిల్లీజౌళ్ళు. 4000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీ నిండాలంటే ఒక్క పిసరు వృథా కాకపోయినా 36 కోట్ల చుక్కలు కావాలి. అంటే 36 వేల లీటర్లు, మా హాస్టల్‌కొచ్చే 5000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. హాంకాంగ్ వాళ్ళ పరికరమే దాదాపు 2 శాతం పట్టింది, కాబట్టి ఏడు కాదు, మూడొందలకు పైగా ట్యాంకర్లు. మా అబ్‌స్ట్రాక్ట్ చివర్లో ఇంటి కప్పు మీద వానతో ఫోన్ చార్జింగ్ అని రాసిన వాక్యం కూడా కొట్టెయ్యాల్సిందే. నెలకోసారి ఒక చిన్న సిగ్నల్ పంపే సెన్సార్ లాంటి వాటికి ఈ చుక్కలు సరిపోతాయేమో. అంతవరకే.

ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్ళీ ఎత్తు దగ్గరికి, ఒత్తిడి దగ్గరికి వచ్చాడు. 1845లో న్యూకాజిల్‌కి దూరపు చెరువుల నుంచి పైపుల్లో మంచినీళ్ళు తెచ్చే విటిల్ డీన్ కంపెనీ పెట్టడంలో ముందు నిలబడ్డాడు. ఊరి పల్లపు భాగంలో ఆ పైపుల్లో ఒత్తిడి ఎక్కువ. ఆ మిగులు ఒత్తిడితో రేవులో ఒక క్రేను నడిపిస్తానన్నాడు. నడిపించాడు. ఓడల్లో సరుకు అంతకుముందు కంటే వేగంగా, చవగ్గా దిగింది. 1847లో, 36 ఏళ్ళ వయసులో, లా ఆఫీసు వదిలేసి ఎల్స్‌విక్‌లో నది ఒడ్డున ఫ్యాక్టరీ పెట్టాడు. పెట్టుబడి పెట్టిన వాళ్ళలో డాంకిన్ కూడా ఉన్నాడు.

హంబర్ నది ఒడ్డున న్యూ హాలండ్ అనే చోట నేల ఇసుకపర్ర, ఎత్తైన నీళ్ళ ట్యాంకు కట్టడం కుదరలేదు. దానికి ఆయన చేసిన ఉపాయం చూడండి. పొడవాటి ఇనుప సిలిండరు, అందులో పిస్టను, దాని నెత్తిన టన్నుల కొద్దీ బరువు. పంపు నీటిని తోస్తుంటే బరువు మెల్లగా పైకి లేస్తుంది. క్రేనుకి కావలసినప్పుడు బరువు కిందికి దిగుతూ నీటిని అంతే ఒత్తిడితో తోస్తుంది. హైడ్రాలిక్ అక్యుములేటర్ అంటారు. మా ఈఈఈ వాళ్ళకి చెప్పాలంటే కెపాసిటరు. దీంతో కొండ లేనిచోట కూడా కొండంత ఒత్తిడి దొరికింది. ఆయన కంపెనీ కట్టిన హైడ్రాలిక్ యంత్రాలతోనే 1876లో న్యూకాజిల్ స్వింగ్ బ్రిడ్జి తిరిగింది, 1894లో లండన్ టవర్ బ్రిడ్జి తెరుచుకుంది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మంచి మనిషి కథ అయ్యేది. కానీ ఆయన ఫిరంగులు కూడా చేశాడు. 1854లో క్రిమియా యుద్ధంలో బరువైన ఫిరంగుల్ని బురదలో లాగలేక బ్రిటిష్ సైనికులు పడ్డ అవస్థ పేపర్లో చదివి, తేలికైన, వెనకనుంచి గుండు పెట్టే, లోపల మరలు చెక్కిన ఫిరంగి తయారుచేశాడు. 1859లో దాని పేటెంట్లు ప్రభుత్వానికి ఊరికే ఇచ్చేస్తే సర్ బిరుదు ఇచ్చారు. నాలుగేళ్ళలో ప్రభుత్వం మనసు మార్చుకుంది. ఆయన ఉద్యోగానికి రాజీనామా చేసి, ఫిరంగులూ యుద్ధనౌకలూ కొనేవాళ్ళకల్లా అమ్మాడు. అమెరికా అంతర్యుద్ధంలో రెండు వైపులా అమ్మాడు. దీన్ని ఆయన అభిమానులు ఎలా సమర్థించుకుంటారో చదివాను. నాకు మింగుడు పడలేదు. 1871లో ఎల్స్‌విక్ కార్మికులు రోజుకి తొమ్మిది గంటల పని అడిగి సమ్మె చేస్తే, బయటి దేశాల నుంచి పనివాళ్ళని రప్పించాడు. దాదాపు ఐదు నెలలు సాగి కార్మికులే గెలిచారు. నీటిబొట్టు వృథా అయితే ఓర్చుకోలేనివాడికి మనిషి ఒంట్లో ఓపిక వృథా కావడం కనిపించలేదు.

అదే మనిషి 1863లో న్యూకాజిల్‌లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షుడిగా, బొగ్గుగనుల నడిబొడ్డున నిలబడి, రెండు శతాబ్దాల్లో ఇంగ్లండ్ బొగ్గు అయిపోతుందని చెప్పాడు. ఉష్ణదేశాల్లో ఒక్క ఎకరం మీద పడే ఎండ, రోజుకి తొమ్మిది గంటలపాటు నాలుగువేల గుర్రాల పని చెయ్యగలదని లెక్క కట్టి చూపించాడు. మా హాస్టల్ టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్ళు కిందటేడే వచ్చాయి.

ఆ సంవత్సరమే చిన్నప్పుడు గాలం వేసిన రోత్‌బరీ దగ్గర రాళ్ళగుట్ట మీద ఇల్లు మొదలుపెట్టాడు. పేరు క్రాగ్‌సైడ్. వాగులకి అడ్డుకట్టలు వేసి చెరువులు చేశాడు, లక్షల చెట్లు నాటించాడు. నీటి ఒత్తిడితో లిఫ్టు నడిచింది, వంటింట్లో మాంసం కాల్చే ఊచ కూడా దానంతటదే తిరిగింది. 1878లో చెరువు నీళ్ళతో టర్బైను తిప్పి, సీమెన్స్ డైనమోతో దాదాపు మైలు దూరం తీగ లాగి, బొమ్మల గదిలో ఆర్క్ దీపం వెలిగించాడు. జలవిద్యుత్తుతో దీపం వెలిగిన మొదటి ఇల్లు అదే. 1880లో న్యూకాజిల్‌వాడే అయిన జోసెఫ్ స్వాన్ తన కొత్త బల్బులు తెచ్చి బిగించాడు. గ్రంథాలయంలో దీపాలు రాగి కూజాల మీద ఉండేవి. కూజా అడుగున పాదరసం గిన్నె. కూజా ఎత్తితే దీపం ఆరుతుంది, దించితే వెలుగుతుంది. అదే స్విచ్. మా వైరింగ్ ల్యాబ్‌లో ఇలా చేస్తే వైవాలో బయటికి పంపేస్తారు.

భార్య 1893లో పోయింది. పిల్లలు లేరు. ఎనభై దాటిన ముసలాయన, అప్పటికి లార్డ్ కూడా అయినవాడు, ఏం చేశాడనుకున్నారు? యవ్వనంలో వదిలేసిన స్థిరవిద్యుత్తు దగ్గరికి తిరిగొచ్చాడు. రెండు వైన్ గ్లాసుల్లో శుద్ధమైన నీళ్ళు పోసి, మధ్యన నూలుపోగు వేసి ఎక్కువ వోల్టేజి ఇస్తే, పోగు ఒక గ్లాసులోకి జారిపోయాక కూడా కాసేపు వట్టి నీళ్ళే తాడులా గ్లాసుకీ గ్లాసుకీ మధ్య గాల్లో నిలబడ్డాయి. ఈ ప్రయోగాన్ని 1893లో అందరికీ చెప్పాడు. ఈ నీటి వంతెన మీద ఈ రోజుకీ పేపర్లు వస్తున్నాయి. 1897లో గాలిలో, నీటిలో విద్యుత్ కదలికల మీద ఫోటోలతో ఒక పెద్ద పుస్తకం వేశాడు. మార్కెట్టుకి పనికొచ్చేది అందులో ఒక్కటీ లేదు. 1900 డిసెంబరు 27న క్రాగ్‌సైడ్‌లో కన్నుమూశాడు. 90 ఏళ్ళు. రోత్‌బరీలో, కోకెట్ ఏటి దగ్గరే సమాధి చేశారు.

ఆయన వదిలేసిన ఆ రాపిడి తర్వాత చాలాకాలం మనిషికి ప్రమాదంగానే గుర్తుంది. 1969 డిసెంబరులో మూడు భారీ చమురు ఓడలు ట్యాంకులు కడుగుతుండగా పేలాయి. వేగంగా కొట్టిన నీటి తుంపరలో పేరుకున్న చార్జినే అనుమానించారు. దాన్నే మళ్ళీ పట్టి వాడుకోవాలని ఇప్పుడు లోకం నిండా ల్యాబులు.

ఇక మా సంగతి. తెల్లారి మేట్‌ని లేపి ఫారడే ప్రయోగాలు చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు కానీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. క్యాంటీన్ నుంచి పెద్ద అట్టపెట్టె తెచ్చి, లోపలా బయటా వంటింటి ఫాయిల్ అతికించి, దాన్ని ఎర్త్ చేసి, పరికరం మొత్తం అందులో పెట్టాం. హాస్టల్ బోరు నీళ్ళు పారబోసి, కెమిస్ట్రీ ల్యాబ్ అన్నని బతిమాలి డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకున్నాం. ముందు చుక్కలు లేకుండా చూశాం. తెర మీద గీత దాదాపు చదును. అప్పుడు గొట్టం వదిలాం. మొదటి నిమిషాల్లో ఏమీ లేదు. తర్వాత, చుక్క పడిన ప్రతిసారీ, ఒక సన్నటి ముల్లు లేచింది. మూడు వోల్టులు దాటలేదు. చిటికెడు ఉప్పు కలిపితే ఆ ముల్లు సగానికి పడిపోయింది. మేట్ నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

మధ్యాహ్నం గైడ్ గారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. 42 ఎలా వచ్చిందో చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఉప్పు కలిపినప్పటి గ్రాఫ్ ఉందా అని అడిగి, అది చూసి, పాత అబ్‌స్ట్రాక్ట్ తీసి 42 మీద ఎర్రగీత కొట్టి పక్కన ఆ రోజు తారీఖు వేసి సంతకం చేశారు. రివ్యూ వచ్చే మంగళవారం. ఈలోగా సెలైన్ గొట్టం ఇంకోటి కొనాలి, పాతది చుక్కని సమంగా వదలడం లేదు.